బాపు ఆకురాయి

పోయినేడు బోధన్ చెరకు తోటల సైకిల్ పందెంలో నా చైన్ ఏడుసార్లు ఊడింది. చివరికి చెరకు ట్రాక్టర్ వెనక సైకిలు నడిపించుకుంటూ వచ్చాను. అప్పటినుంచి నిజామాబాద్‌లో మా గల్లీ మొత్తానికి నేను చైన్ త్రివేణిని. నాకు కప్పు వద్దు, ఫోటో వద్దు. ఈసారి చైన్ ఒక్కసారి కూడా ఊడకుండా పందెం పూర్తి చేసి ఆ పేరు వదిలించుకోవాలి, అంతే.

అందుకే గతుకుల బాటల్లో తొక్కేవాళ్లు వాడే పళ్ళచక్రం తెప్పించాను. పెడళ్ల దగ్గర ఆ ఒక్క పళ్ళచక్రమే ఉంటుంది. దానికి ఒక పన్ను దొడ్డు, ఒక పన్ను సన్నం. చైన్‌లోనూ ఒక లింకు వెడల్పు, ఒకటి ఇరుకు కదా! దొడ్డు పన్ను వెడల్పు లింకులో బిగువుగా కూర్చుంటే, సైకిలు గుంతలో ఎగిరినా చైన్ పక్కకు జారదు. బిగించమని బాపుకు ఇచ్చాను. మా బాపు లింబయ్య నలభై ఏళ్లుగా సైకిళ్లు బాగుచేస్తున్నాడు. అదే నా ఖర్మ.

పందెం ముందురోజు పొద్దున నాలుగు గజాలు తొక్కానో లేదో చైన్ ఊడింది. వంగి చూస్తే పళ్ళన్నీ ఒక్క తీరుగా మెరుస్తున్నాయి.

“బాపూ, దొడ్డు పళ్ళేవీ?”

“కంపెనోడు మోసం చేసిండు బిడ్డా. సగం పళ్ళు దొడ్డుగ పెట్టిండు. నిన్న పొద్దంత కూసొని ఆకురాయితోని రాకిన. ఇప్పుడు సూడు, అన్ని బరాబర్!”

ఆయన ముఖంలో ఆ గర్వం చూస్తే తిట్టడానికి నోరు రాలేదు. ఏడుపు వచ్చింది. మా ఇంట్లో అమ్మను అవ్వ అంటాం. లోపల బీడీలు చుడుతున్న ఆమె ముందు కూలబడి ఏడ్చాను. ఇంకో చక్రం రావాలంటే వారం పడుతుంది.

“ఏడుస్తే చైన్ ఆగుతదా? అటూ ఇటూ పోకుంట గోడలు గట్టుండ్రి,” అంటూ అవ్వ, తునికాకు మీద పెట్టి కొలతకు కత్తిరించే తన రేకు తీసి ఇచ్చింది. బాపు దాన్ని వంచి, చైన్‌కు తగలకుండా రెండువైపులా అడ్డం వచ్చేట్టు ఫ్రేముకు తీగతో కట్టాడు.

మర్నాడు చెరకు బండ్ల బాటలో గుంత గుంతకూ ఆ రేకు టకటకలాడింది. చైన్ ఊడలేదు. ముప్పై ఒక్కమందిలో ఇరవై తొమ్మిదో దాన్నయ్యాను. గెలిచినవాడి కంటే గట్టిగా కేకలు పెట్టాను. బాపు కనబడ్డవాళ్లందరినీ పిలిచి, “గీ పళ్ళు నేనే రాకిన,” అని చూపించాడు.

ఇంటికి వచ్చేసరికి అవ్వ చాట నిండా బీడీలున్నాయి. రేకు లేక ఆకులన్నీ అందాజాగా కత్తిరించింది పాపం. బాపు రెండు బీడీలు తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు.

“గివేందే, ఒకటి దొడ్డు ఒకటి సన్నం?”

అవ్వ చాటను చటుక్కున వెనక్కి లాక్కుంది.

“త్రివేణీ! ముందుగాల మీ బాపు ఆకురాయి దాసిపెట్టు బిడ్డా!”