ట్యాంకరుకు ఎడమ పక్క

కాడుగోడి మలుపులో నా భార్య రామక్కను నీళ్ళ ట్యాంకరు తొక్కి చంపేసింది. ఆకుకూరల సైకిలు తోసుకుంటూ పోతోంది అప్పుడు. ఆ డ్రైవరును నేను క్షమించలేదు. ట్యాంకరు నడిపేవాడు ఎవడు కనపడినా నాకు ఒళ్ళు మండుతుంది.

ఇప్పుడు కూతురు భారతి సైకిలు కొన్నది. గార్మెంట్సులో పని దొరికింది. మా వీధికి బస్సు రాదు. సైకిలు లేకపోతే ఆ పని లేదు. పోవాల్సింది ఆ మలుపు మీదుగానే. వద్దన్నాను. వినలేదు. పొద్దున్నే లేచి టైర్లలో గాలి తీసేశాను.

"రెండు టైర్లూ ఒకేసారి దిగిపోతాయా నాయనా?"

"దిగుతాయి."

"నీ మీసం మీద ఒట్టు పెట్టు చూద్దాం."

పెట్టలేదు. షాపు దాకా తోసుకుపోయి గాలి కొట్టించుకుంది. నేనూ నా పాత సైకిలెక్కి వెంటబడ్డాను.

మలుపు దగ్గర ముందు ట్యాంకరు. హారను కొట్టింది. భారతి వెంటనే ఎడమకు, ట్యాంకరు పక్కనే ఉన్న కాలువ అంచుకు దిగింది. నేను నేర్పిందే అది. మా పల్లెలో లారీ హారను వినపడితే సైకిలు ఎడమ మట్టిలోకి దిగాలి. తారు పెద్ద బండ్లది.

ట్యాంకరు విసురుగా ఎడమకే తిరగసాగింది.

సైకిలు పడేసి పరిగెత్తి ట్యాంకరు రేకు మీద దబదబా చరిచాను. బండి ఆగింది. డ్రైవరు దిగాడు. మునినారాయణప్ప అట, తల నెరిసినవాడు. చొక్కా పట్టుకున్నాను.

"పిల్ల కనపడలేదా రా నీకు?"

"లేదప్పా. దేవుడి సాక్షిగా కనపడలే. నువ్వే ఎక్కి చూడు. పాప ఆడనే నిలబడనీ."

వాడి అబద్ధం బయటపెట్టాలని ఎక్కాను. సీట్లో కూర్చున్నాను. ఎడమ అద్దంలో ట్యాంకరు పొట్ట కనపడింది. దాని వెనక ఒక ఆటో. భారతి లేదు. కిటికీ వైపు మెడ చాచాను. అయినా లేదు.

"భారతీ, యాడికి పోయినావే?"

"ఈడనే ఉండాను నాయనా!"

చక్రం పక్క నుంచి గొంతు మాత్రం వచ్చింది. ఆ రోజు రామక్క కూడా అక్కడే నిలబడి ఉంటుంది.

కింద నుంచి మునినారాయణప్ప చెప్పాడు. "పాపా, వెనక్కి పో. ఇంకా పో. అద్దంలో మీ నాయన మొగం కనపడేదాకా పో. నీకు డ్రైవరు కనపడితేనే డ్రైవరుకు నువ్వు కనపడతావు."

ఆమె వెనక్కి జరిగింది. ఆటో దగ్గరికి పోయాక అద్దంలోకి వచ్చింది, మొత్తంగా, పసుపు చున్నీతో.

"మరి హారను కొడితే?" అడిగింది.

"నేను ఉండానని చెప్పేదానికి కొడతాను పాపా. సందులోకి దూరమని కాదు. బండి తిరిగేదాకా వెనకనే, దారి నడుమ నిలబడు."

వెనక బండ్లన్నీ మోత మోగిస్తున్నాయి.

"దిగప్పా, సీటు నచ్చిందా ఏం?" అన్నాడు.

నేను నవ్వలేదు. "నీకు కనపడని చోటు ఉందని తెలుసు కదా. అయితే ఎందుకు అంత విసురుగా తిప్పినావు?"

వాడు తల గోక్కున్నాడు. "నిదానంగా తిప్పుతానులే."

మరుసటి రోజు కూడా వెంటబడ్డాను. అదే మలుపు, ఇంకో ట్యాంకరు. భారతి వెనకనే, దారి నడుమ ఆగింది. ఆమె వెనక కారువాడు హారను మీద నుంచి చెయ్యి తియ్యలేదు. తల బయట పెట్టి అరిచాడు.

"ఏయమ్మా, సైడుకు పో!"

"ట్యాంకరు తిరిగినాక పోతానన్నా. నీకంత తొందరగా ఉంటే దాని కిందికి నువ్వు పో."

కదల్లేదు. ట్యాంకరు ఎడమకు తిరిగింది. కాలువ అంచున ఎవరూ లేరు. దాని తర్వాత భారతి చెయ్యి చాపి, నేరుగా పోయింది.

అవతల నా కోసం ఆగింది.

"రేపు కూడా వస్తావా నాయనా?"

"రాను. మోకాళ్ళు నొప్పి."

"ఒక్కదాన్నే పోనా మరి?"

"పో. సాయంత్రం సైకిలు నాకియ్యి. వెనక లైటు బిగిస్తా."