పావు డిగ్రీ

"ఆకాశంలో తగాదాలు తీర్చడానికి నువ్వే దొరికావా? ముందు ఆ కుళాయి సంగతి చూడు," అన్నారు అత్తగారు. కోడలు కారుతున్న కుళాయికి గుడ్డపీలిక చుట్టి, వారానికి సరిపడా బట్టలు ఇస్త్రీ చేసి, ఏ డబ్బాలో ఏముందో కాగితాల మీద రాసి అంటించి విమానమెక్కింది.

తగాదా నిజంగా ఆకాశంలోదే. రెండు దేశాల సమాచార ఉపగ్రహాలు పక్కపక్కన తిరుగుతూ ఒకదాని సంకేతాల్లోకి ఒకటి చొరబడుతున్నాయి. నలభై రోజులుగా దీవుల్లో ఫోన్లు సరిగా పలకడం లేదు. చేపల వేటకు వెళ్ళిన పడవలకు తుఫాను కబురు అందడం లేదు. తప్పు మీదంటే మీదని ఉత్తరాలు రాసుకుని రాసుకుని, చివరికి రెండు ప్రభుత్వాలూ మూడో దేశంలో ఒక పొడవాటి బల్లకు అటూ ఇటూ కూర్చున్నాయి. ఈ వైపు ఇంజినీరు ఆమె. కుర్చీ మాత్రం బల్ల దగ్గర కాదు, గోడవార. "మా అమ్మాయి, కాగితాలు చూస్తుంది," అని పరిచయం చేశాడు ఆమె దేశపు రాయబారి. కాఫీ కప్పులు ఖాళీ అయినప్పుడల్లా ఆయన చూపు ఆమె వైపే తిరిగేది.

మూడో రోజు మధ్యాహ్నం పక్కగదిలో ఒక్కతే కూర్చుని, కలగాపులగమైన సంకేతాల రికార్డింగు చెవులకు తగిలించుకుంది. ఒకటే హోరు. ఆ హోరు అడుగున ఎవరో ఆడమనిషి గొంతు, తెలియని భాషలో, తడబడకుండా ఏదో చెప్పుకుపోతోంది. ఎవరికో కుశలమడుగుతోందేమో. ఆమె కళ్ళు మూసుకుంది. ముప్పై ఆరు వేల కిలోమీటర్ల పైన గాలి లేదు, చప్పుడు లేదు, "ఎక్కడున్నావే" అన్న కేక లేదు. అక్కడ తేలిపోతున్నట్టే ఉంది. పెళ్ళయిన కొత్తలో తను చదువుకునే బల్ల కిటికీ పక్కన ఉండేది. టీవీకి చోటు కావాలన్నాడు భర్త, బల్ల హాల్లోకి వెళ్ళింది. హాల్లోంచి వరండాలోకి, వరండాలోంచి వంటింటి మూలకి. జరిపిన ప్రతిసారీ అతను నవ్వుతూనే అనేవాడు, "ఎవరో ఒకరు సర్దుకోవాలి కదా" అని. ఆ ఎవరో ఒకరు పదిహేనేళ్ళుగా తనొక్కతే ఎలా అయిందో ఆమె ఎప్పుడూ లెక్క వేయలేదు. ఉపగ్రహాల లెక్క మాత్రం ఆ సాయంత్రానికి తేలిపోయింది. పావు డిగ్రీ పక్కకు జరిగింది తమదే.

రాయబారి కాగితం చూసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఇది మన నాలుగు గోడలూ దాటకూడదమ్మా. వాళ్ళనే కాస్త జరగమందాం. ఎవరో ఒకరు సర్దుకోవాలి కదా."

ఆమెకు నవ్వొచ్చినంత పనైంది.

మర్నాడు పొద్దున అవతలి వైపు ఇంజినీరు, తల నెరిసిన ఆవిడ, దుబాసీ ద్వారా అడిగింది. "మీ ఉపగ్రహం దాని చోట్లోనే ఉందా? మీ ఇంజినీరు నోటితో వినాలని ఉంది."

"ఆవిడ నోట్సు రాసుకోవడానికి వచ్చింది," అన్నాడు రాయబారి.

ఆమె లేచి నిలబడింది. కాళ్ళు నేలకు ఆనుతున్నట్టే లేదు. "నోట్సు కాదండీ, లెక్కలు నావి. పావు డిగ్రీ పక్కకు జరిగింది మాదే. వెనక్కి తేవడానికి ఆరు రోజులు పడుతుంది, దగ్గరుండి నేనే తెస్తాను. ఈలోగా మీరు రెండు ఛానళ్ళు ఆపితే పడవలకు ఇవాళే కబురు అందుతుంది."

 నెరిసిన తలావిడ తన పక్కనున్న కుర్చీ మీది ఫైళ్ళు తీసి కింద పెట్టి, రమ్మన్నట్టు చూసింది.

మధ్యాహ్నానికి ఒప్పందం కుదిరింది. దీవుల రేవునుంచి, తుఫాను కబురు అంది పడవలు వెనక్కి తిరిగాయని సందేశం వచ్చింది. లిఫ్టులో రాయబారి పళ్ళు కొరికాడు. "పరువు తీశావు. సంజాయిషీ రాసివ్వాల్సి ఉంటుంది."

"రాస్తానండీ. ఇన్నాళ్ళూ నేను రాసినవాటి కింద మీరే సంతకం పెట్టారు. దీని కింద నేను పెట్టుకుంటాను."

గదికొచ్చి భర్తకు ఫోన్ చేసింది. ఇంకో ఆరు రోజులు రానంది.

"ఆరు రోజులా? మరి ఇక్కడెలా?" అన్నాడతను.

"ఏమో, నాకు తెలీదు," అంది.

నిజంగానే ఆమెకు తెలియదు. తెలియకపోవడం ఇంత హాయిగా ఉంటుందని ఇన్నేళ్ళూ ఆమెకెవరూ చెప్పలేదు.