క్వాంగ్ అక్క మందుకుండ

అయినా కుండ తిరిగి ఇచ్చెయ్యమని ఆ పిల్లకి ఎవరు చెప్పారు, నేను చెప్పానా, నా కొడుకు చెప్పాడా, వాడికంత నోరెక్కడ, షెన్‌యాంగ్ నుంచి వచ్చిన కోడలు, బంగారం లాంటి పిల్ల, కాదనను, ఎరువు తెచ్చిన వస్తువు ఇంట్లో ఉంచుకోకూడదని వాళ్ళమ్మ నేర్పిందట, వాళ్ళ ఊళ్ళో సరే, మా చెంగ్డులో కషాయం కాచే మందుకుండ అడిగి తెచ్చుకోవడమే గానీ తిరిగి ఇవ్వడం ఎక్కడన్నా ఉందా, ఇస్తే కుండతో పాటు రోగమూ ఆ గడప తొక్కుతుంది, కావలసిన వాళ్ళే వచ్చి పట్టుకుపోవాలి, అందాకా ఎన్నేళ్ళైనా మన పొయ్యి మీదే ఉండాలి, ఈ వెన్‌జింగ్ ఏమో నిన్న సాయంత్రం దాన్ని తళతళా తోమి, లోపల నాలుగు పీచ్ పళ్ళు పెట్టి, ఐదో అంతస్తుకెక్కి, మీ కుండ ఆంటీ, అత్తయ్యకి చాలా సాయమైంది అని క్వాంగ్ అక్క చేతిలోనే పెట్టొచ్చిందట, ముఖం వెలిగిపోతూ చెప్పింది నాకు, తిట్టడానికి నోరు రాలేదు, సూదులు గుచ్చుతూ కదలకు పెద్దమ్మా అంటోంది డాక్టర్ షెన్, నేనెక్కడ కదిలాను తల్లీ, కోపం కదిలింది.

మణికట్టు దగ్గర సూది తిప్పుతోంది, ఆ, అదీ, పులుపు నమిలినట్టు లోపలెక్కడో జివ్వుమంది, వచ్చిందా అంటుంది, వచ్చింది అంటాను, ఏడు నెలలుగా ఇద్దరిదీ ఇదే మాట, పద్నాలుగు సూదులు, అరగంట కదలకూడదు, తెర అవతల ఎవరో మహానుభావుడు వీపు నిండా సూదులతో గురక పెడుతున్నాడు, వైద్యానికి కాల్చే మాచిపత్రి పొగ ముక్కులో దూరుతోంది, తుమ్మొస్తే నా గతేం కాను, ఈ కీళ్ళవాతం సంగతి మొదటిరోజు షెన్ చక్కగా చెప్పింది, నీ ఒంట్లో కాపలావాడున్నాడు పెద్దమ్మా, వాడికి మతి తప్పి ఇంటివాళ్ళనే దొంగలనుకుని కొడుతున్నాడు, వాణ్ణి చంపకూడదు, బుజ్జగించి కూర్చోబెట్టాలి అంది, పెద్దాసుపత్రి మాత్రలు మానావంటే నా గుమ్మం తొక్కొద్దు అని కూడా అంది, మాత్రలూ మింగాను, కషాయమూ తాగాను, నల్లగా, చేదుగా, మా ఆయన బతికుంటే పారిపోయేవాడు ఆ వాసనకి, కారం మానమంది, చెంగ్డు ఆడదాన్ని కారం మానమనడం చేపని నీళ్ళు మానమనడమే, మానాను.

చలికాలం సంగతైతే చెప్పనక్కర్లేదు, పొద్దున లేస్తే వేళ్ళు చెక్కముక్కలు, దుప్పటి తగిలినా ప్రాణం పోయేది, వెన్‌జింగ్ వచ్చి బొత్తాలు పెట్టేది, నేను గోడ వైపు తిరిగి ఏడ్చేదాన్ని, ఆ పిల్ల చూడనట్టు నటించేది, అంతకుముందు అక్టోబరులో, టీ కొట్టులో, మాజాంగ్ ఆట బల్ల దగ్గర, బిళ్ళ కిందికి బొటనవేలు పోనిచ్చి చూడకుండానే ఏ బిళ్ళో చెప్పేదాన్ని నేను, ముప్ఫై ఏళ్ళుగా, ఆ రోజు వేలికి ఏమీ తెలియలేదు, బిళ్ళ జారి టీ కప్పులో పడింది, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, ఇంటికొచ్చి అన్నం తినలేదు, అప్పట్నుంచీ నా కుర్చీలో ఆ గువో ముసలాయన కూర్చుంటున్నాడు, ఒక్కో బిళ్ళకీ పావుగంట ఆలోచిస్తాడట, మధ్యలో కూనిరాగాలట, పడవల పండగ దాకా నీ కుర్చీ ఆపుతాం, ఆపైన మా చేతుల్లో లేదు అంది మా బల్ల దగ్గరే ఆడే క్వాంగ్ అక్క, పండగ ఇంకా ఆరు రోజులే, కుర్చీదేముంది, కుర్చీ పోతే కుర్చీ, కానీ అది గువోకి రాసిచ్చేస్తే నా చేతులు ఇంక ఇంతే అని అందరూ ఒప్పేసుకున్నట్టు, నేనూ ఒప్పేసుకున్నట్టు, వారం వారం షెన్ అడుగుతుంది, చేతులు ఈ వారం కొత్తగా ఏం చేశాయి పెద్దమ్మా అని, ఏం చెయ్యలేదమ్మా అంటాను, ఈ వేళా అడుగుతుంది, ఈ వేళా అదే చెప్పాలి.

కానీ పొద్దుటి పోట్లాట మాత్రం, అబ్బ, ఎంత బాగా పోట్లాడాను, అలా పోట్లాడి ఏడాదైంది, ఏడింటికి తలుపు తీస్తే గుమ్మంలో కుండ, క్వాంగ్ అక్క తెల్లారగట్లే దిగొచ్చి పెట్టేసి పోయింది, పీచ్ పళ్ళు మాత్రం ఉంచేసుకుంది చూడండి, వాటికి రోగం అంటలేదు కాబోలు, ఆవిడ గడప తొక్కి తిరిగొచ్చిన కుండ నా ఇంట్లోకి రావడమంటే పోతున్న జబ్బుని మళ్ళీ చెయ్యిపట్టి పిలవడం కాదూ, ఒళ్ళు మండింది, కుండ తీసుకుని చరచరా ఐదో అంతస్తు ఎక్కాను, తలుపు దబదబా బాదాను, ఆవిడ జుట్టు కూడా ముడేసుకోకుండా వచ్చింది, రాత్రి నుంచీ నా మోకాలు పీకుతోందే నీ కోడలి పుణ్యమా అని మొదలెట్టింది, నీ మోకాలు నీ పెళ్ళప్పట్నుంచీ పీకుతోంది అక్కా, అప్పుడు మా కోడలు పుట్టలేదు అన్నాను, ఎదురింటి వాళ్ళు తలుపు సందులోంచి చూస్తున్నారు, చూడనీ, నీ కుండ నువ్వుంచుకో అని ఆవిడ ముఖం ముందు ఆడించాను, ఇంకా నాలుగు మాటలు మిగిలే ఉన్నాయి నా దగ్గర, ఈలోగా ఆవిడ చప్పున ఆగిపోయింది, నోరు తెరిచినది తెరిచినట్టే, రోంగ్ అని నన్ను పేరు పెట్టి పిలిచి, నీ చెయ్యే, అంది, అంతే, తలుపేసేసుకుంది.

నా చెయ్యా, పోట్లాటలో ఓడిపోతుంటే నా వంకర వేళ్ళు ఎత్తి చూపిస్తావా అనుకుంటూ, కుండ నాలుగో అంతస్తు మెట్ల మీద, ఆవిడకీ నాకూ మధ్యన పెట్టేసి వచ్చేశాను, ఇప్పుడేమో కుర్చీ మీద సంచిలో ఫోను గుయ్యి గుయ్యి మంటోంది, ఆవిడే, మిగతా తిట్లు పంపుతోంది, సూదులున్నాయి గనక బతికిపోయింది, అయినా నీ చెయ్యి అంటుందా, ఆ చేత్తో నేను, ఎడం చేత్తో మెట్ల కమ్మీ పట్టుకున్నాను, అవును, కమ్మీ ఎడం వైపే, మరి కుండ, కుండ కుడి చేతిలో, ఆ పక్కపిడి పట్టుకుని, మూత కాకుండానే రెండు కిలోలుంటుంది, రెండంతస్తులు, తలుపు బాదింది దేంతో, కుండ ఎడం చేతికి మార్చుకుని, కుడిచేతి కణుపులతో బాదాను, ఈ కణుపులతోనే, దుప్పటి తగిలితే కేక పెట్టిన ఈ కణుపులతో, పొద్దున్న ఏడింటికి, చెక్కముక్కలు కావలసిన వేళ, ఆ తర్వాత మళ్ళీ కుడిచేత్తో పట్టుకుని ఆవిడ ముఖం ముందు ఆడించాను, గంటలా ఆడించాను ఆ కుండని, అయ్యో నా తల్లీ, నొప్పి వచ్చిందా, గుర్తుకు రావడం లేదు, నొప్పి సంగతే గుర్తులేదు.

ఆవిడ చూసింది, నాకంటే ముందు క్వాంగ్ అక్క చూసింది, తలుపేసుకుంది కోపంతో కాదు, తలుపు వెనక ముక్కు చీదిన చప్పుడు విన్నాను, జలుబనుకున్నాను, నాకు నవ్వొస్తోంది, పొట్ట కదులుతోంది, సూదులన్నీ ఊగుతున్నాయి, తెర అవతల గురక ఆగింది, డాక్టర్ షెన్ పరుగెత్తుకొచ్చి, ఏమైంది పెద్దమ్మా, నొప్పా అంటోంది, కాదమ్మా, ఈ వేళ అడుగు, చేతులు ఏం చేశాయని అడుగు అన్నాను, అడిగింది, పోట్లాడాయి అన్నాను, కన్నీళ్ళు చెవుల్లోకి కారిపోతున్నాయి, తుడుచుకోడానికి లేదు, ఆమే తుడిచి, సగమే తగ్గింది పెద్దమ్మా, కషాయం ఇంకా తాగాలి, ఏది పనిచేసిందో నాకూ తెలీదు, మాత్రలో, సూదులో, నీ కోడలో అంది, తాగుతాను, ఎన్నాళ్ళైనా తాగుతాను, వెళ్ళేటప్పుడు ఆ కుండని మెట్ల మీంచి నేనే ఎత్తి నా పొయ్యి మీద పెట్టుకుంటాను, రోగాన్నైతే పొద్దున్నే ఎక్కడో మెట్ల మీద జారవిడిచాను, ఫోను మళ్ళీ గుయ్యిమంటోంది, మోగనీ, చూడక్కర్లేదు, ఆవిడ ఏం పంపిందో నాకు తెలుసు, గువో ముసలాయన్ని కుర్చీలోంచి లేపేశాను, రెండింటికల్లా వచ్చి నీ కుర్చీలో కూర్చో అని, ఫోను సంచిలో ఉన్నా, ఆ బిళ్ళల్లాగే చూడకుండానే, బొటనవేలికి తెలిసిపోతోంది.