బొంబాయి పోయే ఇమానం

హైదరాబాదులో పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసే ఆఫియా 2006లో వనపర్తికి తిరిగి వచ్చేసింది. రెడీమేడ్ బొమ్మలు సీడీల్లో దొరుకుతున్నాయని ఆఫీసువాళ్ళు చేత్తో గీసేవాళ్ళను తగ్గించారు. ఆమెకప్పుడు ఇరవై ఏడేళ్ళు. తల్లి నూరున్నీసా ఇంట్లో జాకెట్లు కుట్టేది. ఆ కుట్టుమిషను పక్కనే బల్ల వేసుకుని ఆఫియా కొత్త పని మొదలుపెట్టింది.

కుర్రాళ్ళందరూ అర్థం తెలియని ఇంగ్లీషు అక్షరాల టీషర్టులు వేసుకుని బజార్లో తిరుగుతున్నారు. వాటి బదులు తన చిన్ననాటి బొమ్మలు అచ్చువేయాలని ఆమె ఆశ. అగ్గిపెట్టె మీది పులి, బబుల్‌గమ్‌తో వచ్చే స్టిక్కర్లు, వాటన్నిటికన్నా ముందు జాతరలో ఫోటోల డేరాలో ఉండే విమానం. చెక్క పలకల మీద రంగులతో వేసిన విమానమది. వెనక నిలబడి కిటికీలోంచి తల బయటపెడితే ఫోటో తీసేవాళ్ళు. తన బట్టలకు ఊళ్ళో జనం పలికినట్టే "ఇమానం" అని పేరు పెట్టింది.

ఇంట్లో మాట్లాడుకునేది ఉర్దూ కాబట్టి నూరున్నీసాకు ఆ పేరు దేవుడి మీది విశ్వాసమనే అర్థమున్న ‘ఈమాన్’లా వినబడింది. మిషను ఆపి కూతురి వైపు చూసింది.

"ఈమాన్ మనసుల ఉండాలె బిడ్డా. అంగీ మీద రాసుకుంటరా?"

"ఈమాన్ కాదమ్మీ. ఇమానం. గాల్ల పోయేది."

"అట్లనా," అని ఆమె మళ్ళీ కుట్టుపనిలో పడింది.

ఆఫియా పుస్తకాలు ముందేసుకుని రెక్కలు, తోక, ఇంజన్లు కొలత తప్పకుండా గీసింది. ముందుగా ఆరు టీషర్టుల మీద అచ్చు వేయించింది. చిన్నాన్న కొడుకు ముదస్సిర్ ఒకటి వేసుకుని, కొత్తకోటలో తను పనిచేసే మెకానిక్ షెడ్డుకు వెళ్ళాడు. సాయంత్రం వచ్చి నసుగుతూ చెప్పాడు.

"దుబాయి నుంచి ఎవరన్న తెచ్చిండ్రా అని అడిగిండ్రు ఆపా. జాతర అని ఒక్కరు గూడ అనలే."

ఆఫియా ఆ రాత్రి టీషర్టును ముందేసుకుని కూర్చుంది. బొమ్మలో తప్పేమిటో తెలియలేదు. సరిచూసుకుందామంటే ఆ విమానంలో దిగిన తన చిన్నప్పటి ఫోటో ఎప్పుడో వానకు తడిసి పాడైపోయింది. ఫోటో స్టూడియోల వాళ్ళను అడగ్గా అడగ్గా, గద్వాలలో ఒకాయన ఆ విమానం వేసిన మనిషి పేరు చెప్పాడు. వడ్డేపల్లి నాగప్ప. తల్లీకూతుళ్ళు మరునాడే ఆయన ఉండే చోటికి బస్సెక్కారు.

నాగప్పకు డెబ్భై దాటాయి. ఫ్లెక్సీలు వచ్చాక దుకాణాల బోర్డుల పని పోయి, ట్రాక్టరు ట్రాలీల వెనక నంబర్లు రాస్తున్నాడు. ఆఫియా ఇచ్చిన టీషర్టును చేతులు చాచి దూరంగా పట్టుకుని చూశాడు.

"మస్తుగ గీసినవ్ బిడ్డా. ఇది నిజంగ ఎగురుతది. నాది ఎగరకపోతుండె."

"మరి నీదెట్లుండె తాతా?"

"నేను ఇమానాన్ని దగ్గర ఎన్నడు చూడలే. బస్సును చూసిన. బస్సుకే రెక్కలు పెట్టిన."

సుద్దముక్క తీసుకుని ట్రాలీ పలక మీద గీయసాగాడు. కిటికీలకు పరదాలు వచ్చాయి. ఎక్కడానికి నిచ్చెన వచ్చింది. డ్రైవరు పక్కన రబ్బరు బుడ్డి హారన్ వచ్చింది.

"హారన్ ఏదని పోరగాళ్ళు అడిగిండ్రు. పెట్టిన."

ఆఫియా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ హారన్ ఆమెకు గుర్తుంది. తను ఊహించుకున్నదేమోనని గీయకుండా వదిలేసింది. అంతలో నాగప్ప కిటికీల పైన అక్షరాలు రాశాడు: పాలమూరు – బొంబాయి.

"ఇదేంది తాతా?"

"ఆ పిల్లల అమ్మానాయినలు బొంబాయికి మట్టిపనికి పోతుండ్రి. పిల్లలు ముసలోళ్ళ కాడ ఉంటుండ్రి. ఇది యాడికి పోతదని అడుగుతుండ్రి. ఢిల్లీ అంటే దిగిపోతుండ్రి. ఇగ బొంబాయి అని రాసిన. ఆ ఫోటోలే ఆడికి పంపుతుండ్రి."

"మా పక్కింటి పిల్లలు గూడ గట్లనే ఉంటుండ్రి అన్నా," అంది నూరున్నీసా మెల్లగా.

ఆ బొమ్మను తనకిమ్మని, కింద ఆయన పేరు వేస్తానని ఆఫియా అడిగింది. నాగప్ప ఆలోచించాడు. "తోక మీద రాయి. ముంగట రాస్తే డ్రైవర్‌ననుకుంటరు."

రెండు నెలల తర్వాత ఒక ఆదివారం, వనపర్తి బస్టాండు దగ్గర తాడు కట్టి కొత్త టీషర్టులు వేలాడదీశారు. కాలేజీ కుర్రాళ్ళు హారన్ చూసి నవ్వారు. నవ్వినవాళ్ళే ఒక్కొక్కరూ కొనుక్కున్నారు. మధ్యాహ్నం బస్సు దిగిన ఒకామె వాటి ముందు నిలబడిపోయింది. పేరు భీమమ్మ.

"గీ కిటికీల నా కొడుకు ఉండె," అంది వేలుపెట్టి చూపిస్తూ. "నేను బొంబాయిల ఉన్నప్పుడు మా అత్త ఫోటో పంపింది. ఇప్పుడు వాడు ఆడ ఉన్నడు, నేను ఈడ ఉన్న. వానికొకటి ఇయ్యి బిడ్డా."

"ఏ సైజు అమ్మా?"

"తెల్వదు."

భీమమ్మ చుట్టూ చూసి ఒక కుర్రాణ్ణి పిలిచి, వెనక్కి తిరగమని, వీపు మీద టీషర్టు ఆనించి చూసింది. "ఇంక జర పొడుగుంటడు," అంది. ఇంకొకడు తనంతట తనే వచ్చి వీపు తిప్పి నిలబడ్డాడు. వాడి భుజాలు చాలలేదు. నాలుగో కుర్రాడి దగ్గర ఆమె చెయ్యి ఆగింది. వాడి వీపు మీద టీషర్టును అరచేత్తో సాపుచేసి, "గిదే," అంది. అప్పటిదాకా హుషారుగా ఉన్న ఆ కుర్రాడు ఆమె చెయ్యి తీసేదాకా కదలకుండా నిలబడ్డాడు.

ఏడాది తిరిగేసరికి హైదరాబాదులో రెండు దుకాణాలు ఇమానం టీషర్టులు పెట్టుకున్నాయి. తర్వాతి బొమ్మ ఓడ కావాలని నాగప్ప పట్టుబట్టాడు. వాళ్ళలో ఎవరూ ఓడను చూసినవాళ్ళు కారు. నాగర్‌కర్నూల్‌లో ఉండే తన మేనమామ బాబు మియా వెనకటికి ఓడలో హజ్‌కు వెళ్ళొచ్చాడని, ఆయన్ని అడుగుదామని నూరున్నీసా అంది. నాగప్ప వనపర్తికి వచ్చాక ముగ్గురూ బస్సెక్కారు. ఓడకు ఎన్ని అంతస్తులుంటాయన్న దాని మీద ఆఫియా, నాగప్ప బిజినేపల్లి దాటేదాకా వాదించుకుంటూనే ఉన్నారు. నూరున్నీసా సంచిలోంచి వేయించిన పల్లీలు తీసి ఇద్దరి చేతుల్లోనూ పోసింది.