కడిగిన దండ ఒక్కటే

మా వాల్విస్ బే రేవు ఊళ్లో ఏళ్ల తరబడి వాన పడదు. వచ్చేదల్లా సముద్రపు ఉప్పు మంచూ, ఎడారి దుమ్మూను. ఆ రెండూ కలిసి సబ్‌స్టేషన్లో తీగలను మోసే పింగాణీ గిన్నెల దండల మీద పెచ్చు కడతాయి. మంచుకు ఆ పెచ్చు తడిసిందంటే కరెంటు దాని మీదుగా కారిపోతుంది. ఎంత కారుతోందో చెప్పే మీటరు ఒక్క దండకే బిగించారు. దాన్ని చూసి మిగతావీ అంతేలే అనుకోవడం అక్కడి పద్ధతి.

ఆ మీటరు చూసేది మా అమ్మాయి ఎల్‌ఫ్రీడ మొగుడు హిస్కియా. నేను గేటు దగ్గర నూనెలో వేయించిన పిండి ఉండలు అమ్మేదాన్ని, అందుకని అన్నీ నా చెవిన పడేవి.

"ముల్లు పైకి పోతోంది సార్, లైన్లు ఆపి అన్ని దండలూ కడగాలి," అన్నాడు అతను ఒకనాడు.

ఫోర్‌మన్ గోట్లీబ్ పకపకా నవ్వాడు. "లైన్లు ఆపితే చేపల ఫ్యాక్టరీ వాడు నన్నే ఎండబెడతాడురా! రేపు పెద్దాఫీసు నుంచి ఇంజినీరు వస్తున్నాడు. మీటరున్న దండ ఒక్కటీ కడుగు, చాలు. నోరెత్తావో, మీ అత్త పక్కన కూర్చుని ఉండలు అమ్ముకుందువు గాని."

ఎల్‌ఫ్రీడకు నెలలు నిండాయి. హిస్కియా ఆ ఒక్క దండా కడిగాడు.

మర్నాడు పొద్దున దండలన్నీ తడిసేంత మంచు. ఇంజినీరు చూసేసరికి మీటరు ముల్లు అడుగునే ఉంది. పక్క దండ మాత్రం చిటపటలాడుతోంది.

"ఆ చప్పుడేమిటి?" అన్నాడు ఇంజినీరు.

"మంచుకు మామూలే సార్. ఏరా హిస్కియా, అంతా శుభ్రమేగా?" అన్నాడు గోట్లీబ్.

హిస్కియా గేటులోంచి నా వైపు చూశాడు. "శుభ్రమే సార్."

"అయితే దాని కిందికెళ్లి నిలబడు. సార్‌కి భయం తీరుతుంది."

"వెళ్లకు నాయనా!" అని అరిచాను.

"ముసలమ్మకు కూడా కరెంటు చదువు వచ్చునట!" అన్నాడు గోట్లీబ్. ఇంజినీరూ నవ్వాడు.

హిస్కియా వెళ్లి నిలబడ్డాడు. మంచంతా ఒక్కసారిగా తెల్లగా వెలిగింది. దండ పగిలి, తీగ అతని మీద పడింది.

పూడ్చిపెట్టి వచ్చాక ఎల్‌ఫ్రీడ కడుపు పట్టుకుని ఆఫీసు మెట్ల దగ్గర నిలదీసింది. "నా మొగుణ్ణి అక్కడ ఎందుకు నిలబెట్టారు?"

గోట్లీబ్ ఎంతో మర్యాదగా తల వంచాడు. "శుభ్రంగా ఉందని చెప్పింది అతనే కదమ్మా. కావాలంటే మీ అమ్మనడుగు, విన్నదిగా."

అది నా వైపు తిరిగింది. "అన్నాడా అమ్మా?"

"అన్నాడు," అన్నాను.