ఎదురింటివైపు వాలే మొలకలు

డ్రైవింగు మాస్టారికి పొద్దున్నే మెలకువ రాగానే చెవిలో పడేది నీళ్ళ చప్పుడు. వంటగదిలో ఆయన భార్య నానిన పెసలు జల్లెడలో పోసి కడుగుతూ ఉంటుంది. తర్వాత శనగలు, ఆ తర్వాత మెంతులు. కిటికీ దగ్గర పళ్ళేల్లో గోధుమ గడ్డి, ఆవాల మొలకలు. వాటిమీద నీళ్ళు చిలకరించి, తడిగుడ్డలు సర్ది, ఒక్కో పళ్ళెం మీదికీ వంగి నింపాదిగా చూస్తుంది. అదంతా అయ్యాకే కాఫీ. లేవగానే కట్టుకున్న మొగుడి మొహం చూడకుండా పెసరగింజల మొహం చూసే ఆడదాన్ని ఎక్కడా చూడలేదని ఆయన బాధ.

ఆ మొలకలకి ఒక అలవాటుంది. వాళ్ళుండే మేడలో ఎవరి ఒంటికి ఏది అవసరమైతే, వాళ్ళ గుమ్మంవైపు వాలతాయి. రక్తం తక్కువైన వాళ్ళవైపు పెసలు, షుగరున్న వాళ్ళవైపు మెంతులు, నీరసంతో కాళ్ళీడ్చే వాళ్ళవైపు శనగలు, కడుపు కదలక అవస్థపడే వాళ్ళవైపు గోధుమ గడ్డి. పళ్ళెం ఎటు తిప్పి పెట్టినా, కిటికీ మూసినా తెరిచినా అంతే. మేడలో వాళ్ళు దీన్ని లిఫ్టు పాడవడంలాగే మామూలు సంగతిగా తీసుకున్నారు. మెట్లమీద ఎదురైతే చాలు, "ఇవాళ ఎటు వదినా?" అని అడిగేవాళ్ళు. ఎటు వాలితే అటు గిన్నె వెళ్ళేది.

కింది వాటాలో కడుపుతో ఉన్న అమ్మాయికి మొలకలు ఆవిరిమీద ఉడికించి ఇచ్చేది. "పచ్చివి నీకు పడవమ్మా, పురుటిదాకా ఇలాగే తిను" అనేది. మేడమీది రిటైర్డు క్లర్కుకి మెంతి మొలకలిస్తూ, "ఇవి తింటున్నానని షుగరు బిళ్ళలు మానేశారో, మీ ఆవిడకి చెప్పేస్తా" అని బెదిరించేది. ఎండుగింజలో లేని సి విటమిను మొలకలో పుడుతుందనీ, గింజకంటే మొలక తేలిగ్గా అరుగుతుందనీ విన్నవాళ్ళకీ విననివాళ్ళకీ చెప్పేది.

ఇంతవరకూ మాస్టారు ఓర్చుకున్నాడు. తమ అంతస్తులోనే ఎదురింట్లోకి టైలరు దిగాక ఆయన ఓర్పు అడుగంటింది.

టైలరు ఒంటిగాడు. గాలేస్తే పడిపోయేటంత బక్కపలచన. వచ్చిన మర్నాడే పెసలూ శనగలూ కూడబలుక్కుని అతని గుమ్మంవైపు వాలాయి. ఆవిడ గిన్నె పట్టుకుని వెళ్ళింది. రోజులు గడిచినా మొలకలు అటే. ఆవిడ నిమ్మకాయ పిండి, మిరియాలపొడి చల్లి, వెళ్ళేముందు జడ కూడా సర్దుకునేది. జడ రోజూ సర్దుకుంటుంది, పాపం. అది మాస్టారికి కనిపించడం మాత్రం అప్పుడే మొదలైంది.

"అక్కా, నీ చేతి చలవ, సూదిలో దారం ఒక్కసారికే ఎక్కుతోంది" అనేవాడు టైలరు.

"అక్కా అట, అక్కా! రాగానే చుట్టరికం కలిపేశాడు!" అని మాస్టారు ఇంట్లో పళ్ళు నూరేవాడు.

"కలిపితే కలపనివ్వండి. పిలుపుకి పన్ను కట్టాలా?"

"నాకెప్పుడైనా పెట్టావా ఓ గిన్నె?"

"మీకేం తక్కువైందండీ? గుండ్రాయిలా ఉన్నారు. అయినా అక్కడ డబ్బాలో మిగిలినవున్నాయి, తినండి."

మిగిలినవి! మాస్టారికి అరికాలి మంట నెత్తికెక్కింది. మిగిలినవి తినే మనిషా తను? తనవైపు వాలితే తింటాడు, లేకపోతే లేదు. ఆయన తండ్రీ పెద్దన్నా యాభై నిండకుండానే గుండెపోటుతో పోయారు. అయినా ఈయన ఏ డాక్టరు గుమ్మమూ తొక్కలేదు. జబ్బు రాకపోవడం తన గొప్పతనమని ఊరంతా చెప్పుకున్నవాడు, ఇప్పుడు జబ్బులేదని కుళ్ళి కుళ్ళి ఏడవసాగాడు.

ఆవిడ వింటూ ఉండగా దగ్గేవాడు. కుంటేవాడు. ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు పళ్ళేలని తన కుర్చీవైపు తిప్పి, ఎదురుగా కూర్చుని మొలకలకేసి గుడ్లురిమి చూసేవాడు. అవి మెల్లగా మెడ తిప్పుకుని మళ్ళీ ఎదురింటివైపే వాలేవి. అప్పుడాయన మొహం చూడాలి, బడి ఎదుట వదిలేసిన పిల్లాడి మొహంలా ఉండేది. నిజానికి ఆయనకి కావలసింది మొలకలు కాదు. ఇన్నేళ్ళ కాపురంలో ఈ మనిషి తనకోసం ఒక్కసారి కంగారుపడితే చూడాలని ఉంది, అంతే.

ఒకరోజు ఆవిడ చెల్లెలింటికి వెళ్ళి, చీకటిపడిందని అక్కడే ఉండిపోయింది. తెల్లారకుండానే ఫోను చేసింది.

"లేచారా? గింజలు కడిగారా?"

"నా గురించి కాదుగా ఫోను, గింజల గురించే" అంటూ మాస్టారు వంటగదిలోకి నడిచాడు. రాత్రి దిండు కుదరకేమో ఎడమ భుజం పట్టేసింది. ఒళ్ళంతా ఒకటే చెమట.

దీపం వేసి చూశాడు. మొలకలు వాలి ఉన్నాయి. ఎదురింటివైపు కాదు. ఆయన రెండడుగులు పక్కకి వేశాడు. మొలకలూ పక్కకి తిరిగాయి. తలుపు దాకా వెళ్ళి వెనక్కి చూశాడు. తలుపువైపు తిరిగి ఉన్నాయి.

"వాలాయే! నావైపు వాలాయి!"

"ఏవి?"

"ఏవేమిటి? పెసలు, శనగలు, మెంతులు, ఆవాలు, గడ్డి! అన్నీ నావైపే! ఆ పుల్లగాడికి ఒక్క మొలక కూడా లేదు!"

 ఒకటి రెండు రకాలు ఒక్కొక్కరివైపు వాలడమే ఆ ఇంట్లో ఎరుగుదురు. అన్నీ కలిసి ఒక్క మనిషివైపు వాలడం ఎప్పుడూ లేదు.

"మీరు కూర్చోండి" అంది ఆవిడ. ఆ గొంతు ఆయన ఎప్పుడూ వినలేదు. "ఎక్కడున్నారో అక్కడే కూర్చోండి. మెట్లు దిగకండి. నేను వచ్చేస్తున్నా."

కంగారుపడింది! తనకోసమే! మాస్టారు పొంగిపోయాడు. ఇంత సంతోషం ఒక్కడూ ఎలా మోస్తాడు? పెసల పళ్ళెం చేత్తో పట్టుకుని వెళ్ళి టైలరు తలుపు బాదాడు.

మెడలో టేపుతో టైలరు తలుపు తీశాడు. తనవైపు కాక మాస్టారి రొమ్మువైపు వంగిన మొలకల్ని చూశాడు. తడిసి ముద్దయిన చొక్కా చూశాడు.

"చూశావా? ఇప్పుడేమంటావు?" అన్నాడు మాస్టారు ఆయాసపడుతూ.

"బావగారూ, మిగతా పళ్ళేలు?"

"అన్నీ నావేనయ్యా!"

టైలరు కుళ్ళుకోలేదు. ఆయన చేతిలో పళ్ళెం తీసి కింద పెట్టి, రెక్క పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టి, అంబులెన్సుకి ఫోను చేశాడు. వద్దంటూ లేవబోయిన మాస్టారిని భుజం పట్టి మళ్ళీ కూర్చోబెట్టాడు.

ఆసుపత్రిలో పెద్దడాక్టరు, గుండె రక్తనాళం దాదాపు మూసుకుపోయిందనీ, స్టెంటు వేయాలనీ, ఇంకాస్త ఆలస్యమైతే తన చేతిలో ఏమీ ఉండేది కాదనీ చెప్పాడు. లోపలికి తీసుకెళ్ళేముందు భార్య వచ్చింది. జడ ఊడిపోయి ఉంది. చెప్పులు రెండూ రెండు రకాలు.

మాస్టారికి భయం వేసింది. భయం వేసినా అడక్కుండా ఉండలేకపోయాడు. "మొత్తానికి నావైపు వాలాయి. నీకు సంతోషమేనా?"

ఆవిడ భోరుమంది. "మీ అన్నయ్య పోయినప్పటి నుంచే కదండీ నేను మొలకలు పెడుతున్నది! రోజూ చీకటితో లేచి ఏం చూస్తాననుకున్నారు? మీవైపు వాలలేదు కదా అని చూసుకునేదాన్ని. వాలలేదని తెలిశాకే ఒంట్లోకి ఊపిరొచ్చేది. అప్పుడు కాఫీ పెట్టేదాన్ని."

మాస్టారు ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.  లోపలికి తీసుకెళ్ళేదాకా వదల్లేదు.

ఇంటికొచ్చాక ఆయన మందులు వేళకి మింగాడు, డాక్టరు చెప్పినంత నడిచాడు, మిగిలినవా వాలినవా అని అడక్కుండా గిన్నె ఖాళీ చేశాడు. నెలలు గడిచినా ఏదో ఒక పళ్ళెం ఆయనవైపు వాలుతూనే ఉంది. ఒక పొద్దున మాత్రం నీళ్ళ చప్పుడు ఆగి ఎంతసేపైనా కాఫీ రాలేదు. లేచి వెళ్ళి చూస్తే, ఆవిడ పళ్ళేల ముందు నేలమీద కూర్చుని కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. మొలకలన్నీ ఆయనకి వీపు తిప్పి, పెసలూ శనగలూ ఎప్పటిలా ఎదురింటివైపు, మిగతావి తలోవైపు వాలి ఉన్నాయి.

మాస్టారు పక్కనే నేలమీద చతికిలబడ్డాడు. "హమ్మయ్య!" అన్నాడు.