తొంభైకి అరకిలో తక్కువ

మా బావని ఆసుపత్రి మంచం ఎక్కించింది మీరు. డిపో మేనేజరు గారూ, మీరు. ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి ఆరోగ్యం గురించి గంటసేపు మాట్లాడిపోయిన డాక్టరు గారూ, మీరు. బండి ఆలస్యమైందని గడియారం చూపించిన కంట్రోలరూ, నువ్వు. ఆ రోజు కాటా పక్కన నిలబడి అంకె చదివిన పార్సిల్ గుమస్తాని, నేను. చివర్న చెప్పుకున్నానని నా తప్పు చిన్నదనుకోకండి. అది ఎంత పెద్దదో నేనే చెబుతాను.

బావ అంటే మా అక్క మొగుడు. యాభై రెండేళ్లు. ఇరవై ఆరేళ్లుగా ఈ డిపోలోనే డ్రైవరు. పొద్దున అయిదున్నరకి బండెక్కితే మధ్యాహ్నం మూడున్నరకి దిగుతాడు. నది అవతల చివరి స్టాపుకి అయిదుసార్లు వెళ్లి, అయిదుసార్లు రావాలి. ఆ చివరి స్టాపులో మరుగుదొడ్డి లేదు. ఒక గోడ ఉంది. ముక్కు మూసుకుంటే దాని వాసన నోట్లోంచి లోపలికి వస్తుంది. కండక్టరమ్మలకి ఆ గోడ కూడా లేదు. అందుకని మావాళ్లు ఒక పద్ధతి అలవాటు చేసుకున్నారు. డ్యూటీలో నీళ్లు తాగరు. నీళ్లు తాగరు కాబట్టి తిండీ తినరు. కొందరి సీటు కింద మూత ఉన్న సీసా ఒకటి ఉంటుంది. అందులో ఏముంటుందో నన్ను రాయమనకండి. శుభ్రం చేసేవాళ్లని అడగండి.

మూడున్నరకి దిగి, పొద్దుటి తిండీ మధ్యాహ్నం తిండీ కలిపి పది నిమిషాల్లో కుక్కుకుంటారు. చెంబుల కొద్దీ నీళ్లు తాగి మొద్దులా పడిపోతారు. పది గంటలు కూర్చున్న ఒళ్లు, ఒక్కసారిగా నిండిన కడుపు. ఇరవయ్యేళ్లు ఇలా బతికితే మనిషి ఏమవుతాడో తెలుసుకోవడానికి డాక్టరు చదువు అక్కర్లేదు. మా డిపోలో నలభై అయిదు దాటిన డ్రైవర్లని వరసగా నిలబెట్టి చూడండి. పొట్టలు, వాచిన కాళ్లు, జేబుల్లో షుగరు బిళ్లలు.

మా అక్క కుట్టుపని చేస్తుంది. బావ యూనిఫాం ప్యాంటు నడుము దగ్గర తిరగేసి చూస్తే పాత కుట్లు గీతలుగా కనిపిస్తాయి. ఏడాదికొక గీత.

"ఏరా తమ్ముడూ, మీ బావ నడుము ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో కొంచెం చూసి చెప్పు. నాకైతే అంతు దొరకట్లేదు" అనేది అక్క.

"మీ అక్క విప్పి విప్పి గుడ్డంతా అయిపోయిందిరా. ఇక నన్నే కుట్టుకోవాలి" అనేవాడు బావ.

నవ్వుకునేవాళ్లం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు రోత పుడుతుంది.

కిందటేడు నది మీద వంతెన రిపేరుకి మూసేశారు. రెండు నెలలు ఆ రూటు ఆగిపోయింది. బావని షెడ్డులో వేశారు. ఆగి ఉన్న బండ్ల చుట్టూ తిరుగుతూ టైర్లు, అద్దాలు, లైట్లు చూసి రాసుకునే పని. రోజుకి మూడు రౌండ్లు. పన్నెండింటికి సైరన్ మోగగానే డబ్బా విప్పేవాడు. పది అడుగుల్లో కుళాయి, ఇరవై అడుగుల్లో మరుగుదొడ్డి. అంతే. మందు మార్చలేదు, కసరత్తు చెయ్యలేదు, ఎవరి ఉపన్యాసమూ వినలేదు. రెండు నెలల్లో ఏడు కిలోలు తగ్గాడు. తొంభై ఎనిమిది నుంచి తొంభై ఒకటికి వచ్చాడు. క్లినిక్‌లో షుగరు బిళ్ల సగం చేశారు. అక్క ప్యాంటు రెండుసార్లు బిగించింది. మూడంతస్తుల మెట్లు ఆగకుండా ఎక్కి తలుపు కొట్టి, "ఎవరండీ ఈ కుర్రాడు అనవే ఒకసారి" అని అడిగాడట.

"కుర్రాడికి బట్టతల ఎందుకొచ్చిందో అడిగి కనుక్కుంటా" అందిట అక్క.

వంతెన తెరిచారు. బావ మళ్లీ రూటెక్కాడు. ఏడు నెలల్లో ఆరు కిలోలు వెనక్కి వచ్చాయి. ఇది మా డిపోలో అందరి కళ్లముందే జరిగింది. ఏం చేస్తే మనిషి బాగుపడతాడో ఆ వంతెన చూపించింది. మేనేజరు గారు చూడలేదు. చూస్తే మరుగుదొడ్డి కట్టాల్సి వస్తుంది మరి.

దానికి బదులు ఒక కాగితం అంటించారు. నాలుగు వారాల తర్వాత 'ఆరోగ్య దినం'. ఆ రోజు డ్రైవర్లందర్నీ తూస్తారు, తూచి అంకె చదవాల్సింది పార్సిల్ గుమస్తా. తొంభై కిలోలు దాటినవాణ్ణి స్టీరింగ్ నుంచి దింపుతారు. దిగినవాడు బరువు తగ్గేదాకా ఆఫీసు వెనక గదిలో బల్ల మీద కూర్చుని గంటకొకసారి సంతకం పెట్టాలి. షెడ్డు పని ఇవ్వరు. మూడు నెలల్లో తగ్గకపోతే ఇంటికే. సన్నబడమని చెప్పి మనిషిని పొద్దస్తమానం బల్ల మీద కూర్చోబెట్టే తెలివి ఏ పుర్రెలో పుట్టిందో.

ఆ డాక్టరు గారు అప్పుడే వచ్చారు. రోజుకి ఎనిమిది గ్లాసుల నీళ్లు తాగాలన్నారు. కొంచెం కొంచెంగా, వేళకి తినాలన్నారు. భోజనం చేశాక నడవాలన్నారు. మాలో ఒక డ్రైవరున్నాడు, గొంతు పెద్దదని అందరూ హారన్ అంటారు. వాడు లేచాడు.

"డాక్టరు గారూ, ఆ ఎనిమిది గ్లాసులూ చివరి స్టాపుకి వచ్చేసరికి ఎక్కడ పొయ్యమంటారో కూడా చెప్పండి" అన్నాడు.

హాలంతా నవ్వింది. డాక్టరు గారూ నవ్వారు. తర్వాతి బొమ్మకి వెళ్లిపోయారు.

బావ నవ్వలేదు. ఆ రోజు నుంచి నాలుగు వారాలు నోరు కట్టుకున్నాడు. డ్యూటీ దిగాక సగం తిండి తిని, పార్కు చుట్టూ గంట నడిచేవాడు. చెప్పు కరిచి మడమ పుండైతే గుడ్డ చుట్టుకుని నడిచాడు. మూడు వారాలకి తొంభై మూడుకి వచ్చాడు. అక్కడ ఆగిపోయింది. ఎంత మాడినా ముల్లు కదలదు.

మూడు రోజులుందనగా నా పార్సిల్ గదికి వచ్చి మూటల మీద కూలబడ్డాడు.

"ఏరా, మూడు కిలోలు. నన్ను ఆ బల్ల మీద కూర్చోబెడతారు. నేను బండి నడపడం తప్ప ఇంకేం చేశానురా ఇన్నాళ్లూ?"

ఇక్కడ ఉంది నా తప్పు. నేను మా సంఘంలో తిరిగేవాణ్ణి. నాలుగు పుస్తకాలు సొంతంగా చదువుకున్నానని గర్వం ఉన్నవాణ్ణి. అప్పుడు నేను అనాల్సిన మాట ఒక్కటే. "నువ్వు కాటా ఎక్కకు బావా. ఎవరూ ఎక్కరు. నేను తూచను." అది అనలేదు. ఉపాయం చెప్పాను.

"ఎండబెట్టుకో బావా" అన్నాను.

ఎండబెట్టుకోవడం అంటే మా డిపోలో అందరికీ తెలుసు. కాగితం అంటించిన వారం నుంచీ డ్రైవర్లు అదే చేస్తున్నారు. ఎండలో ఆపిన బస్సులో అద్దాలన్నీ మూసుకుని, మీద రెండు వానకోట్లు వేసుకుని కూర్చోవడం. చెమటంతా కారిపోవాలి. నీళ్లు ముట్టకూడదు. చూయింగ్ గమ్ నములుతూ ఊరిన ఉమ్మంతా డబ్బాలో ఉమ్మెయ్యాలి. పదిమంది నడివయసు మగవాళ్లు, పిల్లల్ని పెంచి పెద్దచేసినవాళ్లు, బస్సులో వరసగా కూర్చుని డబ్బాల్లోకి ఉమ్ముతున్నారు. చెమట ఆవిరికి కిటికీ అద్దాలు మసకేశాయి. సీట్ల కింద చెమట మడుగు కట్టింది. దానికి పేరు ఆరోగ్యం. బావకి ఉమ్ము డబ్బా నేనే తెచ్చిచ్చాను. బిస్కెట్ల డబ్బా. మీద నవ్వుతున్న పాప బొమ్మ.

"అక్కకి చెప్పకు" అన్నాడు బావ. చెప్పలేదు.

ఆరోగ్య దినం వచ్చింది. మనుషుల్ని తూచే మిషను తేలేదు. నా పార్సిల్ కాటానే ముందు హాల్లోకి ఈడ్పించారు. అంతకుముందు రోజు దాని మీద కోళ్ల గంపలు తూచాను. పళ్లెం మీద రెట్టలు ఎండిపోయి ఉన్నాయి, ఈకలు అతుక్కుని ఉన్నాయి. కడగడానికి టైం లేదన్నారు. చెప్పులు విప్పి ఎక్కమన్నారు. బెల్టు తీసి, తాళాలు తీసి, ఉంగరం తీసి, ఒకడైతే కట్టుడుపళ్ల సెట్టు కూడా తీసి చేతిలో పట్టుకుని ఎక్కాడు. మైకులో అంకె నేను చదవాలి. తొంభై దాటితే మేనేజరు గారు "అయ్యో" అంటారు. వెనక బుకింగ్ కౌంటర్ దగ్గర ప్రయాణికులు నిలబడి చూస్తున్నారు.

బావ ఎక్కాడు. పెదాలు పగిలి తెల్లగా ఉన్నాయి. కళ్లు లోపలికి పోయాయి. నేను ముల్లు చూశాను.

"ఎనభై తొమ్మిదిన్నర" అని చదివాను.

చప్పట్లు కొట్టారు. మేనేజరు గారు బావ భుజం మీద చెయ్యి వేసి ఫోటో దిగారు.

"చూశారా, మనసుంటే చాలు" అన్నారు మైకులో.

బావ పొద్దున షుగరు బిళ్ల వేసుకున్నాడు. తిండి తినలేదు. ముందు రోజు మధ్యాహ్నం నుంచి గుక్కెడు నీళ్లు లేవు. కాటా దిగి నా వైపు రాబోతుంటే కంట్రోలరు అడ్డం వచ్చాడు.

"పన్నెండింటి బండి మీదే. ఈ హడావుడిలో ఇప్పటికే పావుగంట లేటు. ఎక్కండి."

"పది నిమిషాలు. ఏదైనా తిని వస్తాను" అన్నాడు బావ.

"పాసయ్యారుగా గురువుగారూ. ఇంకా తిండెందుకు?" అన్నాడు కంట్రోలరు, గడియారం వైపు వేలు చూపిస్తూ.

నేను మైకు పట్టుకుని తర్వాతివాడి అంకె చదువుతున్నాను. బావ అన్నం డబ్బా నా బల్ల మీదే ఉండిపోయింది.

మిగిలింది ఆ బండి కండక్టరమ్మ చెప్పింది. రెండో స్టాపు దాటేసరికి బావ చేతులు వణుకుతున్నాయట. మూడో స్టాపులో ఆపకుండా పోనిచ్చాడట. "అన్నా, ఆపన్నా" అని అరిస్తే తిరిగి చూశాడట గానీ ఆ చూపులో మనిషి లేడట. మార్కెట్ మలుపులో బండి డివైడర్ ఎక్కి దీపస్తంభానికి కొట్టుకుని ఆగింది. ఫుట్‌పాత్ మీద బడిపిల్లలు ఆరుగురు నిలబడి ఉన్నారు. వాళ్లకీ బండికీ మధ్య ఆ స్తంభం. అంతే దూరం.

జనం బావని సీట్లోంచి లాగారు. నోట్లోంచి కంపు కొడుతోందని, తాగి నడిపాడని ఒకడు చెంప మీద కొట్టాడట. ఆ కంపు ఏమిటో నాకు తెలుసు. ఎండిపోయిన నోరు అది.

ఆసుపత్రిలో షుగరు పూర్తిగా పడిపోయిందన్నారు. నీళ్లు లేక కిడ్నీలు దెబ్బతిన్నాయన్నారు. ఎంతవరకు కోలుకుంటాయో మూడు నెలలయితే గానీ తెలియదన్నారు. రెండు రోజులు సెలైన్ ఎక్కించి, మూడో రోజు నర్సు బావని తూచింది. తొంభై రెండున్నర.

అక్క ఆ అంకె విని నా వైపు తిరిగింది.

"నువ్వెంత చదివావురా మైకులో?"

"ఎనభై తొమ్మిదిన్నర."

"మరి ఈ మూడు కిలోలూ ఎక్కడివి?"

సెలైన్ సీసాలు చూస్తూ నిలబడ్డాను. మేం తూచింది మా బావ ఒంట్లో కొవ్వుని కాదు, దాహాన్ని. దాహానికి చప్పట్లు కొట్టారు మీరు.

ఉమ్ము డబ్బా సంగతి అప్పుడు చెప్పాను అక్కకి. తిట్టలేదు. బావ ప్యాంటు మడిచి సంచిలో పెట్టుకుంటూ, "బిగించమంటే బిగించాను. ఈసారి బిగిస్తున్నప్పుడు ఎందుకని అడగలేదు. నాదీ బుద్ధి తక్కువే" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

నాలుగో రోజు మేనేజరు గారు పళ్లు పట్టుకుని వచ్చారు. ఒక చేత్తో పళ్లు, ఇంకో చేత్తో కవరు. కవర్లో చార్జిషీటు. 'అనారోగ్యం దాచి విధి నిర్వహించి ప్రయాణికుల ప్రాణాలకు ముప్పు తెచ్చినందుకు' వారంలో సంజాయిషీ ఇవ్వాలట. బావ చేతికి సూది ఉంది, తీసుకోలేకపోయాడు. కవరు దుప్పటి మీద పెట్టి వెళ్లారు. వెళ్తూ వెళ్తూ నన్ను వరండాలోకి పిలిచారు.

"మీరు చదువుకున్నవాళ్లు. డ్రైవర్లు సొంత బుద్ధితో ఏవో పిచ్చి పనులు చేశారని ఒక కాగితం రాసివ్వండి. మీ పేరు ఎక్కడా రాకుండా చూసుకుంటాను."

ఇదిగో, రాశాను. ఈ కాగితమే. నా పేరు రానివ్వండి సారూ. ఎండబెట్టుకోమన్నది నేను, డబ్బా తెచ్చింది నేను, అంకె చదివింది నేను. నాకూ చార్జిషీటు ఇవ్వండి. కానీ నీళ్లు తాగనివ్వని రూటుకి ఎవరు సంజాయిషీ ఇస్తారు? పది నిమిషాలు ఇవ్వని ఆ గడియారానికి ఎవరు ఇస్తారు?

ఈ పొద్దు డిపో గోడ మీద బావ ఫోటో ఇంకా వేలాడుతోంది. పగిలిన పెదాలతో నవ్వుతున్నాడు. కింద 'మనసుంటే చాలు' అని రాసి ఉంది. ముందు దాన్ని దించండి. మీరు దించకపోతే మా అక్క వచ్చి దించుతానంది, ఆవిడ వస్తే ఫోటో ఒక్కటే దిగదు.

చార్జిషీటు చించెయ్యండి. వెనక గదిలో బల్ల మీద సంతకాలు పెడుతున్న ఏడుగురినీ లేపి షెడ్డులో నడిచే పని ఇవ్వండి. నలభై అయిదు దాటిన ప్రతి డ్రైవరుకీ ఏడాదిలో రెండు నెలలు షెడ్డు వంతు రావాలి. వంతెన మూసినప్పుడు ఇవ్వగలిగినవాళ్లు తెరిచినప్పుడూ ఇవ్వగలరు. ప్రతి డ్యూటీ మధ్యలో అరగంట తిండి, గడియారం చూసి ఇవ్వండి, గడియారం చూపించి లాక్కోకండి. చివరి స్టాపులో ఆడవాళ్లకొకటి, మగవాళ్లకొకటి, తలుపూ నీళ్లూ ఉన్న మరుగుదొడ్లు కట్టండి. ముందు అది. తక్కినవి దాని వెనకే రావాలి.

కాటా పళ్లెం ఊడదీసి పార్సిల్ గదిలో నా కుర్చీ కింద పెట్టాను. తాళం నా దగ్గరుంది. కోళ్ల గంపలకైతే ఇస్తాను. ఆ స్టాపులో నీళ్లు వచ్చేదాకా ఈ డిపోలో మనిషన్నవాణ్ణి ఎవరూ తూచడానికి వీల్లేదు.